ఎడమ చేతి గ్లౌజులు

కుట్టు షెడ్డు,
జూన్ మొదటి వారం

ఒరే బావమరిదీ,

మీ ఆఫీసు ఫోనులో ప్రతి మాటా రికార్డవుతుందని, కాంట్రాక్టు ఉన్న ఖాతాదారుతో సొంత కబుర్లు పనికిరావని మీ అక్కతో అన్నావట. సరే, ఉత్తరం అయితే ఎవరూ రికార్డు చెయ్యరు కదా. ఒకందుకు ఇదే మంచిది. నువ్వు ఫోనులో చెప్పేదాంట్లో సగం నాకు అర్థం కాదు, మిగతా సగం మర్చిపోతాను. కాగితం మీద అయితే మళ్లీ చదువుకోవచ్చు.

నువ్వు చెప్పావు కాబట్టి మీ బ్రాంచి మేనేజరు దగ్గర ఆ ఫార్వర్డు కాంట్రాక్టు మీద సంతకం పెట్టేశాను. గ్లౌజులు పంపినందుకు నాకొచ్చే డాలర్లను ఏడాది పాటు, ఇవాళ ఖాయం చేసుకున్న ధరకే మీ బ్యాంకుకి ఇవ్వాలి. డాలరు పడిపోతే నాకు దెబ్బ తగలదు, పెరిగితే నాకు కలిసిరాదు. మేనేజరు అరగంట చెప్పాడు గానీ నా తలకెక్కింది ఇంతే. పోయినేడు డాలరు పడిపోయి, కూలి ఇవ్వడానికి వ్యాను అమ్ముకున్న సంగతి నీకు తెలుసు. ఈసారి అమ్మడానికి వ్యాను కూడా లేదు. అందుకే నీ మాట విన్నాను.

ఇన్నేళ్లుగా ఆ బ్రాంచికి తిరుగుతున్నాను, నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టడం ఇదే మొదలు. నన్ను చూసి వీధిలో షెడ్లవాళ్లంతా వరసపెట్టి సంతకాలు పెట్టారు. పక్క షెడ్డు పొడుగాయన సంగతి తెలుసుగా, నీళ్లు కూడా అనుమానంగా తాగుతాడు. ఆయన కూడా పెట్టాడు. "నీ బావమరిది పైన కూర్చున్నాడు కదయ్యా, నిన్ను ముంచుతాడా" అన్నాడు. నీ పేరు అలా వాడుకుంటున్నారు మరి, కాస్త జాగ్రత్తగా ఉండు.

ఉంటాను,
మీ బావ

(చిన్నోడా, ఈయన ఉత్తరంలో నాకు రెండు లైన్లు మిగిల్చాడు. భోజనం వేళకు తింటున్నావా? చలువ గదిలో కూర్చుని జలుబు తెచ్చుకోకు. – అక్క)


ప్రధాన కార్యాలయం, ఆరో అంతస్తు,
జూలై

బావగారికి,

మా అంతస్తుకి చేత్తో రాసిన ఉత్తరం రావడం వింతే. కవరుకి తోలు వాసన ఉందని పక్క సీటాయన ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. నాకు నాన్న చొక్కా గుర్తొచ్చింది. ఆయన జీవితమంతా ఆ వీధిలో కత్తెర పట్టుకునే గడిపారు కదా.

మీకు తలకెక్కింది చాలు, అసలు సంగతి అంతే. ఇంకొక్కటి చెప్తాను, నిశ్చింతగా ఉంటారు. మీతో కాంట్రాక్టు రాసుకున్న గంటలోపు దానికి సరిగ్గా తిరగేసిన కాంట్రాక్టు ఒకటి మేము ఒక పెద్ద బ్యాంకుతో రాసుకుంటాం. మీరు మాకిచ్చే డాలర్లు మేము వాళ్లకిస్తాం. మీది ఎడమ చేతి గ్లౌజు, వాళ్లది కుడి చేతిది. జత సరిపోతే బ్యాంకు చెయ్యి కాలదు. మధ్యలో మిగిలే చిన్న తేడా మా లాభం.

ఆ లాభం కాంట్రాక్టు రాసిన రోజే మా లెక్కల్లోకి ఎక్కుతుంది. అప్పుల విభాగంవాళ్లు ఏళ్ల తరబడి తిరిగి వసూలు చేసే వడ్డీ అంత మొత్తాన్ని, ఇలాంటి కాంట్రాక్టులు రాసే మా డెరివేటివ్స్ విభాగం మూడు నెలల్లో చూపించింది. బ్యాంకు షేరు ధర పెరిగింది. పెద్దసారు మా అందరికీ కొత్త కుర్చీలు తెప్పించారు. వెనక్కి వాలితే ఊగుతాయి. మీకు అక్కడ కుర్చీ వేశారని రాశారు కదా, దాని తమ్ముళ్లే ఇవి.

నా పని ఏమిటని అక్క ఎప్పుడూ అడుగుతుంది. ఈ కాంట్రాక్టులన్నింట్లో కలిపి ప్రమాదం ఎంత ఉందో రోజూ సాయంత్రం ఒక అంకెలో పెద్దసారుకి చెప్పడం నా పని. ఆ అంకె పచ్చరంగులో ఉంటే అందరం ఇళ్లకు వెళ్తాం. నేను ఈ సీట్లో కూర్చున్నప్పటి నుంచి అది పచ్చగానే ఉంది.

పొడుగాయనకు నా నమస్కారం చెప్పండి. అక్కకు జలుబు లేదని చెప్పండి.

మీ
బావమరిది


కుట్టు షెడ్డు,
సెప్టెంబరు

ఒరే బావమరిదీ,

మీ బ్రాంచివాళ్లు ఏదో పొరపాటు పడ్డారు. నువ్వు ఒక మాట చెబితే సరిపోతుందని రాస్తున్నాను.

ఈ నెల నాకొచ్చిన డాలర్లన్నీ పట్టుకెళ్లి ఇచ్చాను. మేనేజరు లెక్క చూసి, కాంట్రాక్టు ప్రకారం ఇందులో సగమే ఉన్నాయి, మిగతా సగం ఏవీ అన్నాడు. నా దగ్గర లేవన్నాను. అయితే తామే ఇవాళ్టి ధరకు బజారులో కొంటామని, కొన్న ధరకీ ఖాయం చేసుకున్న ధరకీ ఉన్న తేడా నా ఖాతాలో కోసుకున్నారు. డాలరు ఈ మధ్య కాస్త పెరిగింది కదా, ఆ కోత నెల కూలికి దగ్గరగా ఉంది.

తోలు వాసన గుర్తుందన్నావు కాబట్టి మన పద్ధతి కూడా నీకు గుర్తుండే ఉంటుంది. బయటి దేశంలో కొనేవాడు ఆర్డరు ఎప్పుడూ తనకు కావలసినదానికి రెట్టింపు రాస్తాడు. మా మిషన్లు ఇంకొకడికి పోకుండా కట్టి పెట్టుకోవడానికి. సరుకు పంపే వేళకు సగం చాలంటాడు. మేమూ సగానికే తోలు తెస్తాం. మీ బ్రాంచిలో అప్పుల సీట్లో ఉండే పెన్సిలాయనకీ ఇది తెలుసు. ఆర్డరు కాగితం అందుకోగానే చెవి మీద నుంచి పెన్సిలు తీసి, అంకెను సగం చేసి పక్కన రాసేవాడు. ఆ సగం మీదే అప్పు. నేనెప్పుడూ సగమని చెప్పలేదు, ఆయనెప్పుడూ అడగలేదు.

ఈ ఫార్వర్డుకీ మేనేజరు ఆర్డరు కాగితమే అడిగాడు. ఎప్పటిలాగే ఇచ్చాను. వాళ్లే సగం చేసుకుంటారనుకున్నాను. ఇప్పుడా సగం చేసే పని మీ దగ్గర ఎవరిది? ఆ మనిషికి ఒక్క మాట చెప్పు.

మీ బావ

(నువ్వు చెబితే సర్దుతారని ఈయన వీధంతా చెప్పుకొచ్చాడు. – అక్క)


ప్రధాన కార్యాలయం,
సెప్టెంబరు చివర

బావగారికి,

మీ ఉత్తరం అందింది. నేరుగా చెప్తాను. ఆ సగం చేసే పని ఇక్కడ ఎవరిదీ కాదు. పెన్సిలాయన అప్పుల విభాగం మనిషి. ఆయన రిటైరయ్యాడు. మా విభాగానికి ఆయన ఉన్నాడన్న సంగతే తెలియదు. బ్రాంచి పంపిన అంకెను మేము అలాగే తీసుకున్నాం. ఆ అంకె నేనూ చూశాను. మన వీధి పేరు కూడా చూశాను. ఆరో అంతస్తులో కూర్చుంటే అది వట్టి అంకెలాగే కనిపించింది.

వీధిలో అందరి కాంట్రాక్టులూ తీసి చూశాను. అందరివీ రెట్టింపే. మీ దగ్గర ఉన్న డాలర్లకు ధర ఖాయం చేస్తే అది రక్షణ. లేని డాలర్లకు చేస్తే పందెం. మీకు తెలియకుండా మీరంతా డాలరు పడిపోతుందని పందెం కాశారు. మాకు తెలియకుండా మేము కాయించాం.

పెద్దసారుకి కాగితం రాసి ఇచ్చాను. ఆయన చదివి, "ఒప్పందం మీద సంతకం ఉందా లేదా?" అన్నారు. ఉందన్నాను. "మరి మనకేం ప్రమాదం? ఇవ్వాల్సింది వాళ్లు" అన్నారు. ఇప్పుడు కాంట్రాక్టులన్నీ సగానికి తగ్గిస్తే బ్యాంకుకి పడే నష్టం ఈ అర్ధ సంవత్సరం ఫలితాల్లో కనిపిస్తుంది. ఫలితాలు బయటికొచ్చే దాకా ఆగమన్నారు. ఈలోగా డాలరు దిగుతుందన్నారు.

మీరు మాత్రం ఆగకండి. రేపే వెళ్లి అదనంగా ఉన్న సగాన్ని మూసెయ్యమని అడగండి. నష్టం ఒకేసారి కట్టాలి, కానీ అది ఇవాళ ఉన్నంత తక్కువగా రేపు ఉండదు. ఈ మాట మీకు చెప్పడమే నా ఉద్యోగానికి విరుద్ధం. దయచేసి వీధిలో అనకండి. అందరూ ఒకేసారి వస్తే బ్యాంకు తట్టుకోలేదు.

మీ
బావమరిది


కుట్టు షెడ్డు,
నవంబరు

బ్యాంకు అధికారి గారికి,

తమరి ఉత్తరం అందింది. తమరు చెప్పినట్టే మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఈసారి కుర్చీ వెయ్యలేదు. మూసెయ్యాలంటే నష్టమంతా ముందు కట్టాలన్నారు. అంత సొమ్ముంటే నేను గ్లౌజులు ఎందుకు కుడతాను? కాకపోతే ఒక దారి ఉందన్నారు. మిషన్లు తాకట్టు పెడితే నెలనెలా పడే కోతకు అప్పిస్తారట. మీ కోత కట్టడానికి మీరే అప్పు. పెట్టాను. ఇంకేం చెయ్యను?

వీధిలో అనొద్దన్నారు. నన్ను చూసి సంతకం పెట్టినవాడు నా పక్క షెడ్డులోనే ఉన్నాడు. పొద్దున లేస్తే ఆయన మొహమే చూడాలి. చెప్పాను. అందరం కలిసి వెళ్లి కాంట్రాక్టులు సగానికి తగ్గించమని అడిగాం. అలాంటి ఆదేశమేదీ పై నుంచి రాలేదని మేనేజరు లోపలికి వెళ్లిపోయాడు. పొడుగాయన షెడ్డు దాకా నా పక్కనే నడిచి వచ్చాడు. తిట్టినా బాగుండేది.

డాలరు రోజూ పెరుగుతోంది. గ్లౌజులు పంపేవాడికి ఇది మంచికాలమని పేపర్లో రాశారు. తోలు బయటి నుంచే రావాలి, దాని ధర డాలరుతో పాటే పెరిగింది. నేను పంపే సరుకు డాలర్లు మాత్రం మీకు పాత ధరకే ఇవ్వాలి. మీ డబ్బు చవకైంది కదా, రేటు తగ్గించు అని అటు కొనేవాడు అడుగుతున్నాడు. నా చుట్టూ అందరికీ లెక్కలు వచ్చు.

తమరి కొత్త కుర్చీ బాగా ఊగుతోందని తలుస్తాను.

ఇట్లు,
ఖాతాదారు

(నేను ఈ ఉత్తరం పంపొద్దన్నాను. పంపాడు. – అక్క)


ప్రధాన కార్యాలయం,
డిసెంబరు

బావగారికి,

ఇక్కడ జరుగుతున్నది రాస్తాను.

ఎడమ గ్లౌజు, కుడి గ్లౌజు అని గొప్పగా రాశాను. డాలరు పెరుగుతుందా పడుతుందా అనే ప్రమాదాన్ని మేము నిజంగానే పెద్ద బ్యాంకు మీదికి తోసేశాం. మీరు ఇవ్వలేకపోతే అనే ప్రమాదాన్ని మాత్రం ఎవరూ తీసుకోలేదు. అది మా దగ్గరే ఉండిపోయింది. మీరిచ్చినా ఇవ్వకపోయినా ఆ పెద్ద బ్యాంకుకి మేము ఇవ్వాల్సిందే. డాలరు పెరిగినప్పుడల్లా వాళ్లు మా దగ్గర హామీగా అదనపు డిపాజిట్ అడుగుతున్నారు. సాయంత్రానికల్లా కట్టాలి. మీ దగ్గర నుంచి రావాల్సింది రాదు. జనం దాచుకున్న సొమ్ములోంచే కడుతున్నాం.

ఇంకో సంగతి రాస్తే నవ్వుతారో తిడతారో తెలియదు. డాలరు పెరిగిన కొద్దీ మీరు మాకు పడిన బాకీ మా లెక్కల్లో ఆస్తిగా పెరిగింది. మీరు ఎంత లోతుకు దిగితే మేము అంత ఎత్తుకి వెళ్లినట్టు కనిపించింది. అర్ధ సంవత్సరం ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయని పేపర్లు రాశాయి. ఇప్పుడా ఆస్తినే రానిబాకీ అని రాయాల్సి వస్తోంది.

నేను రోజూ ఇచ్చిన అంకె ఎందుకు పచ్చగా ఉందో కూడా ఇప్పుడు తెలిసింది. వేర్వేరు పేర్లు, వేర్వేరు ఖాతాలు, కాబట్టి అందరూ ఒకేసారి మునగరు అని ఆ లెక్క. మీ షెడ్డుకీ పొడుగాయన షెడ్డుకీ మధ్య ఒక్క గోడే ఉందని దానికి తెలియదు. నాకు తెలుసు. చిన్నప్పుడు ఆ గోడ ఎక్కి దూకినవాణ్ణే కదా.

ఆ అంకె ఇప్పుడు ఎర్రగా ఉంది. రోజూ సాయంత్రం తీసుకెళ్లి పెద్దసారు బల్ల మీద పెడుతున్నాను. ఆయన "చూశాను" అని సంతకం పెడుతున్నారు. నన్ను ఇక్కడ పెట్టుకున్నది చూడటానికే గానీ ఆపడానికి కాదు. కింద గేటు దగ్గర డిపాజిట్లు తీసుకోవడానికి జనం నిలబడుతున్నారు. లిఫ్టులో ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు.

మీ
బావమరిది


ఇంటి నుంచి,
ఫిబ్రవరి

ఒరే,

షెడ్డుకి తాళం వేసి సీలు పెట్టారు కాబట్టి ఇంటి నుంచి రాస్తున్నాను. పోయిన ఉత్తరంలో కుర్చీ మాట అన్నాను. అది తీసెయ్.

వచ్చినవాళ్లు మర్యాదగానే ఉన్నారు. పని మధ్యలో ఉంది, ఈ సరుకు పూర్తి చేసుకోనివ్వండి అని అడిగాను. తమ చేతిలో లేదన్నారు. వాళ్లూ నీలాగే మాట్లాడారు. మన దగ్గర ఎడమ చేతివన్నీ ముందు కుట్టి, ఆ తర్వాతే కుడి చేతివి మొదలుపెడతారు కదా. మాటిమాటికీ కత్తిరింపు అచ్చు మార్చకుండా. ఎడమవన్నీ అయిపోయాయి. కుడివి ఇంకా కత్తెరకు కూడా పోలేదు. లోపల గుట్టలన్నీ ఎడమ చేతివే. వాటిని ఎవడు కొంటాడని అడిగితే, బ్యాంకు తరఫున వచ్చినాయన ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ అక్కడే పెట్టాడు.

పొడుగాయన షెడ్డుకీ వేశారు. వీధిలో మిషను చప్పుడు లేదు. ఇన్నాళ్లూ ఆ చప్పుడులో గట్టిగా మాట్లాడి అలవాటైపోయి, ఇప్పుడు కూడా అందరం అరుచుకుంటూనే మాట్లాడుకుంటున్నాం.

ఇంతకీ అసలు సంగతి. కొనేవాడి నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. చుట్టుపక్కల షెడ్లన్నీ మూతపడ్డాయి కదా, అతనికి సరుకు దొరకడం లేదు. ఈసారి రాసినదంతా కావాలట. సగం కాదు. రేటు కూడా పెంచాడు. ఇన్నేళ్లలో నిజం అంకెతో వచ్చిన ఆర్డరు ఇదొక్కటే. మిషన్లకు సీలు తీస్తే మీ బాకీ కొంతైనా తీరుతుంది. బ్రాంచికి పట్టుకెళ్తే ఇది తమ సీటు పని కాదన్నారు. మీ పెద్దాఫీసులో ఎవరికి చూపించాలి? ఆ ఆర్డరు ఇందులో పెట్టి పంపుతున్నాను. నువ్వే ఎవరికైనా చూపించు.

మీ బావ


పాత ప్రధాన కార్యాలయం,
మార్చి

బావగారికి,

మీ ఆర్డరు పట్టుకుని నాలుగు అంతస్తులు తిరిగాను. మా బ్యాంకుని ఇంకో బ్యాంకులో కలిపేశారని పేపర్లో చూసే ఉంటారు. డెరివేటివ్స్ విభాగం ఇప్పుడు లేదు. పెద్దసారు వేరేచోట చేరారు. కుర్చీలు కారిడార్‌లో గోడకు చేర్చి పెట్టారు. అప్పుల విభాగం మాది కాదంది. కొత్తవాళ్లు మాత్రం కాగితం పూర్తిగా చదివారు. మంచి ఆర్డరే అన్నారు. కానీ ఈ వీధి మొత్తాన్ని అమ్మేసి లెక్క మూసెయ్యాలని పైన తీర్మానం అయిపోయిందట. ఒక్కరికి సీలు తీస్తే అందరికీ తియ్యాలన్నారు. అందరికీ తియ్యండి అన్నాను. అది తమ స్థాయిలో తేలేది కాదన్నారు. ఆ స్థాయి ఏ అంతస్తులో ఉందో కనుక్కోలేకపోయాను.

నన్ను వసూళ్ల విభాగంలో వేశారు. ఊరు తెలిసినవాడు, తోలు పని ఎరిగినవాడు కావాలట. వచ్చే నెల మన వీధికి వచ్చి ఒక్కో షెడ్డూ తెరిచి, మిషన్లకూ సరుకుకూ విలువ కట్టి జాబితా రాయాలి. మీ షెడ్డు కూడా అందులో ఉంది. అయినవాళ్లది, నా చేత కాదన్నాను. అయినవాళ్లన్న సంగతి తమ కాగితాల్లో లేదన్నారు. మానేస్తే ఇంకెవరో వస్తారు. మిషను పాతదా కొత్తదా కూడా తెలియనివాళ్లు తుక్కు ధర రాసి పోతారు. ఇది నన్ను నేను సమర్థించుకోవడమో, నిజమో నాకే తెలియడం లేదు.

ఊళ్లో లాడ్జిలో గది తీసుకోమంటారా? అక్కని అడిగి రాయండి. మీరు వద్దంటే మీ ఇంటి వైపు రాను.

మీ
బావమరిది


ఇంటి నుంచి,
ఏప్రిల్

ఒరే,

లాడ్జి ఎందుకు, మొహానికి ముసుగు వేసుకుని తిరుగుతావా? ముందు గదిలో మంచం వేశాం. పొద్దున జాబితా రాసుకో, సాయంత్రం ఇంటికి రా. పొడుగాయనతో చెప్పాను నువ్వు వస్తున్నావని. తన మూడో మిషను కాస్త తడబడుతుంది, దాన్ని తెలిసినవాడు చూస్తేనే మంచిది అన్నాడు.

ఆ ఆర్డరు గడువు మొన్నటితో అయిపోయింది. కొనేవాడు వేరే దేశంలో చూసుకున్నాడట. వచ్చేటప్పుడు ఆ కాగితం తెచ్చిపెట్టు. పనికొచ్చేదేం కాదు. ఊరికే ఉంచుకుంటాను.

మిషన్లకు నూనె పట్టి నెలలైంది. సీలు ఊడదీసినరోజు ముందు నూనె పోసి, ఆ తర్వాత విలువ కట్టు. బిగుసుకుపోయినదాన్ని చూసి తక్కువ రాస్తే అది తప్పు లెక్క అవుతుంది.

మీ బావ

(చిన్నోడా, కుట్టిన గ్లౌజులో చెయ్యి పెట్టి వేళ్లు ఆడించి చూసే పని నాదే కదా. సీలు వేసేవాళ్లు వచ్చి అందరినీ బయటికి పొమ్మన్నప్పుడు అదే చేస్తున్నాను. ఇంటికొచ్చి నీళ్లు పట్టబోతే చూసుకున్నాను, ఒక ఎడమ చేతిది నా చేతికే ఉండిపోయింది. ఎవరూ గమనించలేదు. అది బ్యాంకుదే. తీసి నీ మంచం మీద పెట్టాను. రాగానే ముందు దాన్ని నీ జాబితాలో రాసుకో. – అక్క)